మడమ నరానికి కొసరు

ఇది నా ఆపరేషన్ కథ. ఇందులో కత్తి పట్టుకున్న డాక్టరు తప్పేమీ లేదు. ఉన్న తప్పంతా ఆయన ఎదురుగా కాలు చాపుకుని కూచున్నవాడిది. ఆ కూచున్నవాణ్ణి నేనే. సముద్రం దాటి పోయి, ప్రొద్దుటూరు పరువును ఆసుపత్రి వరండా పొడుగునా మునివేళ్ల మీద నడిపించి వచ్చాను.

చిన్నప్పుడు జమ్మలమడుగులో మా మేనమామ సైకిలు వెనక కూచుని పోతాంటే, కుడి మడమ చక్రం చువ్వల్లో పడింది. గాయం మానింది గానీ మడమ వెనక నరం పొట్టిదైపోయింది. అప్పట్నుంచి ఆ మడమ నేలను తాకింది లేదు. అటక మీద చెంబులాగా రెండు వేళ్ల ఎత్తునే ఉండిపోయింది. ముప్పై దాటేసరికి నడుము కూడా గొణగడం మొదలుపెట్టింది.

"నరం పొడుగు చేస్తే సరిపోతుంది" అన్నాడు కడప డాక్టరు. చెప్పుల జత కోసం ఆరంగళ్లు ఎక్కి దిగే వంశం మాది. మొదటి డాక్టరు దగ్గరే ఆగుతామా? మా పులివెందుల బామ్మర్ది ఓబులేసు అప్పుడు మలేషియాలో పని చేస్తుండేవాడు. "ఈడ నరాల పనికే ఒక డాక్టరుండాడు బావా, వచ్చెయ్" అన్నాడు. పోయాను.

విమానంలో ఒక్కటే సందేహం నన్ను కుదురుగా కూచోనియ్యలేదు. మాది గుడ్డలంగడి. గుడ్డ చాలకపోతే అతుకెయ్యాల. మరి నరానికి అతుకు ముక్క యాడ్నుంచి తెస్తారు? మేకదా, ప్లాస్టిక్కా?

ఈ మాటే ఆ డాక్టరును అడిగించాను. మధ్యలో తర్జుమా చేసి చెప్పడానికి సుభద్ర గారని, గోదావరి జిల్లా నుంచి వచ్చి అక్కడ స్థిరపడినావిడ ఉండేది. డాక్టరు నవ్వి, ఒక కాగితం పట్టీ తీసుకున్నాడు. పైన ఒక పక్క సగానికి, కింద ఇంకో పక్క సగానికి కత్తిరించి, మధ్యలో నిలువుగా చీల్చి, రెండు ముక్కల్నీ జరిపి అంచులు కలిపి పట్టుకున్నాడు. పట్టీ పొడుగైంది. కొత్త ముక్క పడనే లేదు. అంత ముచ్చటైన దర్జీ పని నేను మా బజారులో కూడా చూడలేదు.

"అట్ల జరిపితే వెడల్పు సగమైపోతాది గదమ్మా?"

"మంచి ప్రశ్న అంటున్నారండీ. కుట్టాక మెల్లగా అదే మందమవుతుందట."

ఆ మెచ్చుకోలే నన్ను చెడగొట్టింది.

"ఎంత పొడుగు చేస్తాడంట?"

"రెండు సెంటీమీటర్లండీ."

"కొసరు?"

మా ఊళ్లో మీటరు గుడ్డ అడిగితే సరిగ్గా మీటరిచ్చేవాడు పిసినారి. కొలిచినాక నాలుగు వేళ్లు పైన వదిలి కత్తిరించాల. సుభద్ర గారు కళ్లద్దాలు సర్దుకుంది.

"కొసరంటే ఈయనకి ఏమని చెప్పమంటారండీ?"

"మూడు చెయ్యమను. నీళ్లు తగిలితే కుంచించుకుపోతాదేమో."

ఆవిడ నేలవంక చూస్తూ చెప్పింది. డాక్టరు శానాసేపు మాట్లాడినాడు.

"ఎక్కువ పొడుగైతే నరానికి పట్టు పోతుందటండీ. పట్టీ తెగిన చెప్పులా పాదం తపతపా కొట్టుకుంటుందట. మెట్లు కూడా ఎక్కలేరట."

బుద్ధున్నవాడైతే అక్కడ చేతులు జోడించేవాడు. నాకు మాత్రం, "పైన ఇస్తే నాకేం మిగుల్తాదప్పా" అని అంగట్లో దినానికి ఇరవై తూర్లు అంటూనే కొసరిచ్చే మా నాయన మాటే వినిపించింది. ఇంక చివరి అస్త్రం తీశాను. మా బజారులో బేరం తెగకపోతే కొనేవాడు లేచి నడుస్తాడు. మూడో అడుగుకు "రాప్పా, రా, కూచో" అని వెనకనుంచి పిలుపు రావాల. అది మర్యాద.

లేచాను.

"యాడికి పోతాండావు బావా?" అన్నాడు ఓబులేసు.

"గమ్మునుండు. పిలుస్తాడు చూడు."

మూడడుగులు. పిలుపు లేదు. తలుపు దాటాను. లేదు. పిలిచేవాడికి వ్యవధి ఇవ్వాల గదా అని నడక తగ్గించాను. ఇరవయ్యో అడుగుకు నడుస్తున్నానో నిలబడ్డానో నాకే తెలీలేదు. పెళ్లికూతురు పీటలదాకా అంత మెల్లగా నడిచి ఉండదు. ఈయన ఇంకో రోగిని పిలిచేస్తే? ఇంత దూరం వచ్చి, ఈ మడమ జీవితాంతం గాల్లోనే ఉండిపోతే? ఎదురుగా లిఫ్టు. ఇంక పోవడానికి చోటు లేదు. సిగ్గు విడిచి వెనక్కి తిరిగాను.

డాక్టరు నా వెనకే గొంతుక్కూచుని, ఫోనుతో నా కాళ్లను వీడియో తీస్తున్నాడు. సుభద్ర గారు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"చాలా బాగా నడిచారట. అడక్కుండానే నడిచి చూపించే రోగి అరుదు అంటున్నారండీ. మెల్లగా నడిచేటప్పుడు మీ మడమ కొంత దిగుతోందట. బిగువు కొంత నరానిది, కొంత అలవాటుది. అందుకని..."

"అందుకని?"

"రెండక్కర్లేదట. ఒకటిన్నర చాలట."

ఓబులేసు నా చెవిలో గొణిగాడు. "ఇంకోతూరి లేచి పోవద్దు బావా. ఒకటికొస్తాడు."

ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాను. కొన్ని వారాల తర్వాత కట్టు విప్పి నిలబెడితే కుడి మడమ నేలను తాకింది. చల్లగా ఉంది. నేల అంత చల్లగా ఉంటుందని ఎడమ మడమ ఇన్నేళ్లలో ఒక్కనాడూ నాతో అనలేదు.

కాబట్టి రెండు మడమలూ నేలకానించి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కత్తి పట్టుకున్నవాడితో బేరమాడను. ఒకవేళ నోరు జారి ఆడినా, కుర్చీలోంచి మాత్రం లేవను.