ఇస్త్రీ చేసిన పారాచ్యూట్

వీధి చివరి టైలరుగారి నడుము వారమంతా మిషను మీదికి వంగే ఉంటుంది. ఆదివారం ఒక్కపూట నిటారుగా నిలబడేది ఆకాశం చూడ్డానికే. ఆయన రాకెట్లు ఎగరేస్తారు. మాట పెద్దదే గాని వస్తువు చిన్నది: తానుల లోపల వచ్చే అట్టగొట్టం, పల్చటి చెక్కరెక్కలు, పైన మొనదేరిన టోపీ, అడుగున క్లబ్బువాళ్లు అమ్మే వేలెడంత మందుగొట్టం. దూరంగా నిలబడి స్విచ్చి నొక్కితే మందు అంటుకుంటుంది. రాకెట్టు పైకిపోయి, అలిసిపోయి వాలేవేళకి లోపల చిన్న పేలుడు జరిగి టోపీ ఊడుతుంది, పారాచ్యూట్ విచ్చుకుంటుంది.

ఆయనవి విచ్చుకోవు. ఇంతకుముందు రెండు రాకెట్లు గునపాల్లా నేలలో దిగబడ్డాయి. క్లబ్బు పెద్ద, రిటైరైన లెక్కల మాస్టారు, ఇంకొకటి ఇలా పడితే మైదానంలోకి రావద్దని మర్యాదగానే చెప్పారు. వారంలో తనదంటూ ఉన్న ఆ ఒక్కపూటా పోయేలా ఉంది. టైలరుగారు తలూపి, ఇంటికెళ్లి పారాచ్యూట్ అంచు ఇంకో వరస కుట్టారు.

ఈసారి భార్య కూడా వచ్చింది, మూడోదాని అంత్యక్రియలు చూడ్డానికట. కొట్లో కాజాలూ గుండీలూ ఆవిడవే. ఆయన సంచిలోంచి తీసిన పారాచ్యూట్‌ని ఆవిడ లాగి చూసింది. లైనింగు గుడ్డ, కత్తిలాంటి మడతలు, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

"దీన్ని ఇస్త్రీ చేశారా?"

"చెయ్యకుండా ఎలా ఇస్తాం?"

"ఎవరికండీ ఇచ్చేది? ఆకాశం మన కస్టమరా?"

ఇస్త్రీ కాని గుడ్డ ఏనాడూ ఆ కొట్టు గడప దాటలేదు మరి. ఆవిడ దాన్ని దులిపి, గుప్పిట్లో నలిపి, మళ్లీ అతుక్కోకుండా పర్సులోంచి పౌడరు తీసి రాసి, గొట్టంలో వదులుగా కుక్కింది. ఆ దృశ్యం చూడలేక టైలరుగారు తల తిప్పుకున్నారు.

"నొక్కండి. ఇంటికెళ్లి కాసేపు పడుకుందాం."

నొక్కారు. బుస్సుమని పోయింది. పైన టప్‌మంది. నలిగిన గుడ్డ ఒళ్లు విరుచుకున్నట్టు విచ్చుకుంది. మాస్టారు గొంతు సవరించుకుని, వచ్చే ఆదివారం పెందలాడే రమ్మన్నారు.

గాలికి అది పక్కకి పోతోందనీ, వెళ్లి పట్టుకోమనీ భార్య తొందరపెట్టింది. ఆయన గడ్డిలో కూలబడ్డారు.

"రానీవే. వారమంతా అందరికీ తొందరే. దాన్నైనా మెల్లగా రానీ."

ఆవిడ కూడా పక్కనే కూర్చుంది. ముడతలు ముడతలుగా దిగుతున్న తన పనితనాన్ని చూస్తుంటే ఆయన కళ్లు మూతలు పడుతున్నాయి. కుడిచెయ్యి మాత్రం మోకాలి మీద ప్యాంటు మడత సాపు చేస్తూనే ఉంది.