మడమ ఆనని పిల్ల

మా ఊళ్ళో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. చెరువు తూము దగ్గర నీళ్ళ గొడవలో మా బావమరిది నన్ను పారతో కొట్టాడని, నా నుదుటి మీది మచ్చ ఆ దెబ్బదేనని. ఆ కథ పుట్టించింది నేనే. అది అబద్ధం. ఆ రోజు గొడవ నీళ్ళ గురించి జరగలేదు, మా అమ్మాయి మడమల గురించి జరిగింది.

మాది కలిదిండి దగ్గర, కొల్లేటి వైపు. పెరటి గుమ్మం దిగితే చేపల చెరువు గట్టు. పాప ఏడాది దాటగానే నడిచింది, మొదటి నుంచీ మునివేళ్ళ మీదే. చేతులు కాస్త ఎడంగా పెట్టి, మడమలు లేపి టకటకా పోయేది. ఆగినప్పుడు మాత్రం మడమలు దించేది. "కొంగపిల్లలా ఉందిరా" అని మా అమ్మ మురిసిపోయేది. చుట్టాలొస్తే నేనే దాన్ని వసారా ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించి చూపించేవాణ్ణి.

చేపల చెరువున్నవాడికి కొంగ ముద్దొచ్చే పిట్ట కాదు. పిల్లచేపల్ని వదిలిన కొత్తలో గుంపులుగా వచ్చి వాలతాయి. టపాసులు పేల్చి, డబ్బాలు వాయించి తోలతాం. ఒకసారి వలలో కాలు చిక్కిన కొంగని గెడకర్రతో కొట్టాను. ఒక్క దెబ్బకే చచ్చింది, అయినా కొడుతూనే ఉన్నాను. పాప గుమ్మంలో నిలబడి చూసింది.

మూడో ఏడు నిండింది. నడక మారలేదు. చేపలు పట్టి లారీకెత్తే రోజున పక్క చెరువు ఆయన అందరి ముందూ అన్నాడు:

"మీరు కొంగల్ని తోలడమెందుకండీ, ఇంట్లో ఒకదాన్ని పెంచుకుంటూ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి పాపని పిలిచి, మడమలు ఆనించి నడవమన్నాను. రెండడుగులు ఆనించింది. తర్వాత లేచిపోయింది. ఆ రెండడుగులే నన్ను చెడగొట్టాయి. ఆనించడం చేతనవుతోంది కాబట్టి కావాలనే ఆనించడం లేదని, పొగరని తీర్మానించేశాను.

మరునాటి నుంచి వెదురు బద్ద ఒకటి గూట్లో పెట్టాను. మడమ లేచినప్పుడల్లా పిక్క మీద కొట్టేవాణ్ణి. అది ఏడుస్తూ నడిచేది, ఏడుస్తూ ఇంకా పైకి లేచేది. పిక్కల మీద వాతలు తేలేవి. భుజాలు పట్టి కిందికి నొక్కేవాణ్ణి. నా అడుగుల చప్పుడు వింటే మంచం కిందికి దూరిపోయేది. కాలు పట్టుకుని బయటికి లాగేవాణ్ణి.

"ఏవండీ, నూనె రాస్తుంటే పిక్క రాయిలా ఉందండి" అంది మా ఆవిడ. "నిలబడినా ఇప్పుడు మడమ ఆనట్లేదు. ఏలూరు తీసికెళ్దామండి."

"పిక్కలో ఏంలేదు, నీ ముద్దులో ఉంది."

"మీరు కొట్టబట్టే కదండీ అది కాళ్ళు బిగదీసుకుంటోంది?"

ఆ మాటకి నా చెయ్యి ఆవిడ మీద కూడా లేచింది. చెంప మీద కొట్టాను. ఇది కూడా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

నా చిన్నప్పుడు నాకు నడక ఆలస్యమైతే ఇసకలో చిన్న గుంట తీసి, మోకాళ్ళ దాకా ఇసక కప్పి కాసేపు నిలబెట్టేవారట. మా అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. నిలబడ్డం రాని పిల్లలకి మావైపు చేసే పనే. ఎదురుగా తల్లి కూర్చుని తాళాలగుత్తి ఆడిస్తుంటే పిల్లలు నవ్వుతూ నిలబడతారు. నాకు ఆ గుంట గుర్తొచ్చింది. తాళాలగుత్తి గుర్తు రాలేదు. మా దగ్గర ఇసక కూడా లేదు. చెరువు అడుగు నుంచి తోడి గట్టు మీద పోసిన నల్ల ఒండ్రు ఉంది. ఎండకి అది సిమెంటులా బిగుసుకుంటుంది.

మిట్టమధ్యాహ్నం పాపని చంకనేసుకుని గట్టు మీదికి వెళ్ళాను. పారతో గుంట తీసి, అందులో నిలబెట్టి, రెండు మడమలూ నా చేతులతో కిందికి నొక్కిపట్టాను. లోపల ఏదో తాడు లాగినట్టు బిగుసుకోవడం నా వేళ్ళకి తెలిసింది. తెలిసి కూడా నొక్కాను. చుట్టూ ఒండ్రు పోసి కాలితో తొక్కాను. పాప గొంతు పోయేదాకా అరిచింది. తర్వాత నోరు తెరిచే ఉంది, చప్పుడు రాలేదు. మా అమ్మ పరుగెత్తుకొచ్చి "ఒరేయ్, అది ఇసకలో చేస్తార్రా, ఇలా కాదురా" అంటూ నా చెయ్యి పట్టుకుంది. ఆవిణ్ణి నెట్టేశాను. మా ఆవిడ మీదికి పార ఎత్తి చూపించాను, దగ్గరికి రావద్దని.

ఆవిడ పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేసిందని నాకు తెలియదు. అతను తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టులో గుమాస్తా. మెత్తటి మనిషి, నన్ను మీరు అని తప్ప పిలిచి ఎరగడు. గట్టు మీదికి వచ్చి చూశాడు. నా చేతిలోంచి పార లాక్కుని దూరంగా విసిరేశాడు, అది పిల్ల కాలికి ఎక్కడ తగులుతుందోనని. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి పెరకడం మొదలుపెట్టాడు.

"నా కూతురు, నా ఇష్టం. లే."

"లేస్తానండి బావగారూ. కాళ్ళు బయటికి రానివ్వండి, లేస్తాను."

నేను వెళ్ళి పార తెచ్చాను. అతని వీపు మీద పార కామ కర్రతో కొట్టాను. లేవలేదు. ఇంకో రెండు కొట్టాను. అప్పటికి అతని కుడిచెయ్యి మట్టి లోపలికి పోయి పాప పాదాన్ని పట్టుకుని ఉంది. ఎడమచెయ్యి గుంట అంచు మీద ఉంది. ఆ చేతి మీద పార వెనకతట్టుతో కొట్టాను. వేళ్ళు విరిగిన చప్పుడు వినిపించింది. ఆ దెబ్బ కాస్త ఇటు పడి ఉంటే నా కూతురి మోకాలు.

అప్పుడతను భుజంతో నన్ను ఒక్క తోపు తోశాడు. నేను పోయి తూము సిమెంటు అంచు మీద పడ్డాను. నుదురు చిట్లింది. నా మచ్చ కథ అంతే.

విరిగిన చేత్తోనే అతను పాపని మట్టిలోంచి తీసి ఎత్తుకుని, అక్కతో కలిసి ఆటోలో ఏలూరు ఆసుపత్రికి వెళ్ళాడు. నేను కుట్లు వేయించుకుని సాయంత్రం చేరాను. ఎముకల డాక్టరుగారు పాప పాదం అరచేతిలో పెట్టుకుని మెల్లగా పైకి వంచుతున్నారు. అది వంగలేదు.

"నడక నేర్చే పిల్లలు ఇలా నడవడం మామూలేనండి. ఆగినప్పుడు మడమ ఆనిస్తుంటే భయం లేదు, చాలామందికి దానంతటదే పోతుంది" అన్నారు. "మూడేళ్ళు దాటినా పోకపోతే చూపించాలి. ఒక్క కాలే అలా ఉన్నా, బాగా నడిచిన పిల్ల ఉన్నట్టుండి మొదలెట్టినా, మాటలు సరిగ్గా రాకపోయినా, ఇలా పిక్క బిగుసుకుని మడమ దిగకపోయినా ఆగకూడదు. ఈ పాప ఆనించట్లేదని కాదు, ఆనించలేకపోతోంది. ఎప్పటి నుంచి?"

మడమ ఆనడం మానేసింది ఎప్పుడో మా ఆవిడ నాకు చెప్పే ఉంది. ఆయనకి నేను చెప్పలేదు.

"ఈ వాతలేమిటి? చీలమండల దగ్గర చర్మం ఇలా దోక్కుపోవడమేమిటి?"

"గట్టు మీద జారిందండి" అన్నాను.

మా ఆవిడ గోడ వైపు చూసింది.

పాదాలకి పిండికట్టు వేసి, కొన్నాళ్ళకోసారి విప్పి, కొంచెం కొంచెంగా మడమ దిగేలా మళ్ళీ వేస్తామన్నారు. నేను బలవంతంగా చేయబోయిన పనే, ఓపికగా. తడిపిన తెల్లటి గుడ్డ పాదానికి చుట్టగానే పాప బిగుసుకుపోయింది. పోయిన గొంతుతోనే "మట్టి వద్దు నాన్నా, ఆనిస్తా, ఆనిస్తా" అంది. గదిలో ఉన్న నర్సు చెయ్యి ఆగిపోయింది. డాక్టరుగారు నన్ను బయటికి పొమ్మన్నారు.

కొన్నాళ్ళకి ఈ గొడవ తేల్చడానికి ఊరి పెద్దలు మా గట్టు మీదే కూర్చున్నారు. ఇక్కడున్న వాళ్ళ చేనికి నీళ్ళ కోసం అతను తూము ఎత్తబోతే నేను అడ్డుపడ్డానని, పారతో కొట్టాడని చెప్పాను. మావైపు తూముల దగ్గర తలలు పగలడం కొత్తేమీ కాదు, అందరూ నమ్మారు. అతని చెయ్యి ఎలా విరిగిందని అడిగితే, పెనుగులాటలో అన్నాను. అతన్ని అడిగారు. అతను అక్క వైపు చూశాడు. ఆవిడ కళ్ళు దించుకుంది. పసిపిల్లని మట్టిలో పాతారని మా ఇంటికి పేరు రాకూడదని కాబోలు.

"బావగారు చెప్పినట్టేనండి" అన్నాడు.

మా గడప తొక్కొద్దని పెద్దలు తీర్పు చెప్పారు. అతను మళ్ళీ రాలేదు. పార ఎత్తే మనిషని అతనికొచ్చిన రెండు పెళ్ళి సంబంధాలు వెనక్కి పోయాయని విన్నాను. విని ఊరుకున్నాను.

పాప నడక బాగుపడింది. ఏళ్ళు గడిచి పెద్దదయింది, ఇప్పుడు ఓణీల ఫంక్షన్ చెయ్యాలి. ఓణీ మేనమామ తేవాలి.

"మావయ్య నిన్ను పారతో కొట్టాడు కదా నాన్నా, ఎలా వస్తాడు?" అంది అమ్మాయి.

వెంటనే ఇంకో మాట కూడా అంది. "నాకు చిన్నప్పటిది ఒకటి గుర్తుంది. ఎక్కడో చల్లగా, చీకటిగా ఉంటే, లోపల నా కాలిని ఎవరో పట్టుకున్నారు. నువ్వే కదా?"

నేను కాదు. ఆ మాట దానికి చెప్పాను, మొత్తం చెప్పాను. అది లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. మడమలు నేలకి కొడుతూ వెళ్ళింది.

ఓణీ తెమ్మని అడగడానికి తాడేపల్లిగూడెం వెళ్ళాను. అతను ఉల్లిపాయల బస్తాల మధ్య కూర్చుని ఉన్నాడు. ఎడమచేతి రెండు వేళ్ళు ఇప్పటికీ వంగవు.

"అబద్ధం గట్టు మీద చెప్పారు కదండీ బావగారూ. అక్కడ చెప్పి రండి. ఓణీ సంగతి తర్వాత చూద్దాం."

మొన్న ఆదివారం పెద్దల్ని మళ్ళీ గట్టు మీదికి పిలిచాను. మా ఆవిడ, అమ్మాయి కూడా వచ్చి తూము దగ్గర నిలబడ్డారు. గుంట నుంచి మొదలుపెట్టి చెప్పాను. పక్క చెరువు ఆయన మధ్యలో "పోనిద్దురూ, పాత సంగతులు" అన్నాడు. ఆ రోజు తీర్పు చెప్పిన పెద్దాయన అతన్ని చెయ్యెత్తి ఆపాడు.

"అయితే ఆ పార ఎవరి చేతిలో ఉందయ్యా?"

"నా చేతిలోనండి" అన్నాను.