అన్నా, ఒక్కటి ఇసురు

బస్సులో నా పక్కన కూర్చున్నాయన మోచేతికి నొప్పుల మందు రాసుకున్నాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నర్సింలన్న గుర్తొచ్చాడు. జహీరాబాద్‌లో ఎక్కినదాన్ని కోహీర్ చేరేదాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాను.

మా వైపు నుంచి దేశం తరఫున బేస్‌బాల్ ఆడినవాడు ఆయనొక్కడే. జట్టులో బంతి విసిరే పిచర్. పొద్దున్నే ఫ్యాక్టరీ షిఫ్టుకు ముందు మా బడి మైదానంలో ఆడపిల్లలకు ఆట నేర్పేవాడు. విదేశంలో ఆడి వచ్చిననాడు ఊరంతా బ్యాండుతో ఊరేగించింది. ఫ్లెక్సీలో మాత్రం ఆయన చేతికి క్రికెట్ బ్యాటు అతికించారు! నాకు ఒళ్లు మండింది. ఆయన పగలబడి నవ్వి, "పోనీ తియ్ బిడ్డా, మొకమైతే నాదే పెట్టిన్రు గద," అన్నాడు.

ఒళ్లు వేడెక్కేదాకా మమ్మల్ని బంతి ముట్టనిచ్చేవాడు కాదు. "చల్లటి చెయ్యితోని ఇసరొద్దు. ఎవ్వలడిగినా సరే," అని గద్దించేవాడు. మాకు చెప్పినంత గట్టిగా ఊరికి చెప్పలేకపోయాడు. దుకాణం తెరిచినా, పెళ్లి చేసినా ఆయన్ను పిలవాల్సిందే. శాలువా కప్పడం, వెంటనే "అన్నా, ఒక్కటి ఇసురు, జర చూస్తం" అనడం. ఆయన లేచి విసరడం.

జాతీయ జట్టు ఎంపిక శిబిరం మళ్లీ దగ్గరపడింది. వయసు మీద పడుతోంది, ఇదే ఆఖరి అవకాశమని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. సరిగ్గా అప్పుడే న్యాల్‌కల్‌లో క్రికెట్ పోటీలకు ముఖ్య అతిథిగా పిలిచారు. మమ్మల్నీ వెంట తీసుకెళ్లాడు. ఉపన్యాసాలు ఒక పట్టాన తెమలలేదు. అంతసేపు కుర్చీలో బిగుసుకుపోయిన మనిషిని బౌండరీ దగ్గర నిలబెట్టి బంతి విసిరి వికెట్లు కొట్టమన్నారు. కొట్టాడు. జనం ఈలలు వేశారు. ఆయన కుడి మోచేయి పట్టుకుని నవ్వుతున్నాడు. పరుగెత్తుకెళ్లి చూస్తే ముఖంలో నెత్తురు చుక్క లేదు.

లోపల లిగమెంట్ తెగిందన్నారు హైదరాబాద్ డాక్టర్లు. శిబిరం ఆయన లేకుండానే జరిగిపోయింది. ఆయన మళ్లీ బంతి విసరలేదు, ఊరు మళ్లీ ఆయన్ను పిలవలేదు. "ఎందుకు ఇసిరినవన్నా?" అని ఏడ్చాను ఒకరోజు. "లేదంటే గర్వమొచ్చిందంటరు బిడ్డా. అడిగినోళ్లంత మనోళ్లే గద," అన్నాడు. ఆ దిగులుతోనే కుంగి కుంగి చనిపోయాడు. మనోళ్లే అన్న ఆ మాట నాకు ఈనాటికీ మింగుడుపడదు.

ఇప్పుడు నేనూ బడిలో ఆటలు నేర్పుతున్నాను. పోయిన నెల వార్షికోత్సవంలో ఓ పెద్దమనిషి, రాష్ట్ర జట్టుకు ఎంపికైన మా బడి పిల్లను చూపించి, "టీచరమ్మా, గా పిల్లతోని ఒక్కటి ఇసిరిపియ్యి జర," అన్నాడు.

"ఇప్పుడు కాదు సార్," అన్నాను.

మర్నాడే పిల్ల తండ్రి వచ్చాడు. "పెద్దమనుషుల ముంగట మా ఇజ్జత్ తీసినవు మేడం. ఇగ మా పిల్ల ఆటకు రాదు." కాళ్లావేళ్లా పడ్డా వినలేదు.

ఊరికి లేదని చెప్పి ఆటను ఎలా నిలుపుకోవాలో నర్సింలన్న నాకు నేర్పలేదు. పాపం, ఆయనకూ తెలియదు. రోజూ పొద్దున మైదానానికి వెళ్తూ ఆ పిల్ల ఇంటి ముందు నుంచే పోతాను. దాని చెయ్యి ఏ దెబ్బా తగలకుండా బంగారంలా ఉంది. ఆ చేత్తో అంట్లు తోముతూ, నన్ను చూసి తల దించుకుంటుంది.