రంగు వద్దన్న జమ్మి ఆకు

2023 దసరాకు ముందు మాట. కొల్లూరులో మాకు డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చిన కొత్త. బాల్కనీలో ఒక మూల గోనెసంచులు మడతపెట్టి, వాటి మీద పటాన్‌చెరు పాత ఇనుము దుకాణంలో కొన్న రైలు పట్టా ముక్కను పెట్టుకున్నాను. అదే నా దాగలి, రేకును పెట్టి కొట్టే దిమ్మ. సంచులు వేసింది కిందింటివాళ్ళ కోసం. అయినా సుత్తి చప్పుడు మొదలవగానే కిందినుంచి ఒక గొంతు లేచేది: "సుజాతక్కా, ఇయ్యాల ఎవరి పెండ్లి?"

నేను రాగి, ఇత్తడి రేకులతో నగలకు ఆకులు చేస్తాను. చెవి కమ్మలకు వేలాడేవి, లాకెట్లకు పెట్టేవి, జడలో గుచ్చుకునేవి. మా పుట్టింటివాళ్ళది వ్యవసాయం. మా అమ్మ మొదటిసారి చూసి "మనింట్ల ఎవరన్న కంసాలి పని చేసిండ్రా?" అని మూతి తిప్పింది గానీ, పోతూ పోతూ ఒక జత వేప ఆకుల కమ్మలు కొంగున కట్టుకునే పోయింది.

పని చెప్పుకుంటే చిన్నదే. రేకును గేజ్ చూసి కొంటాం. గేజ్ అంటే మందం కొలత, నంబరు పెరిగేకొద్దీ రేకు పలుచన. నిజమైన ఆకును రేకు మీద పెట్టి గీత గీసి, రేకు కత్తెరతో కత్తిరిస్తాను. అంచున మిగిలే గరుకును బర్ అంటారు, దాన్ని ఆకురాయితో రాసెయ్యకపోతే చెవి కోసుకుంటుంది. తర్వాత ఎనీలింగ్, అంటే గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచడం. ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసే మా ఆయన అది చూసి "గట్ల ముంచితే గట్టిపడ్తది గదనే" అన్నాడు. అది ఉక్కు సంగతి, రాగి మెత్తబడుతుంది. ఆయనకు తెలియనిది నాకు తెలిసినందుకు ఆ వారమంతా నన్ను పట్టలేకపోయారు. మెత్తబడ్డ రేకు మీద మొద్దు ఉలితో ఈనెలు కొట్టి, చింత మొద్దులో చెక్కిన గుంటలో పెట్టి తడితే ఆకుకు వంపు వస్తుంది.

నాకొక జబ్బుంది. నా చేతినుంచి పోయే వస్తువు మెరవాలి. ఎవరైనా "చాలక్కా" అన్నా ఇంకొంచెం రుద్ది, ఇంకొకటి తగిలించి ఇస్తేగానీ నాకు తృప్తి ఉండదు. అది మంచి గుణమేనని చాలాకాలం అనుకున్నాను.

నర్సిమ్లు నాకు గడ్డపోతారంలో పరిచయం. ఒక మందుల ఫ్యాక్టరీలో నేను ప్యాకింగ్‌లో చేసిన రోజుల్లో అతను అక్కడ ఆపరేటర్. ఆ దసరాకు ముందొకరోజు షిఫ్ట్ దిగి యూనిఫాంతోనే మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, జమ్మి ఆకు చేస్తవా?"

"రావి ఆకు అడుగుతరు, తమలపాకు అడుగుతరు. జమ్మి ఆకు ఎవరికి తమ్మి? గది చీమంత ఉంటది."

"మా అన్నకు."

దసరా నాడు జమ్మి పూజ అయ్యాక ఆ ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి, కాళ్ళు మొక్కి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకోవడం మా వైపు అందరికీ తెలిసిందే. నర్సిమ్లుకు, వాళ్ళన్న మల్లేశానికి కొన్నేళ్ళుగా మాటల్లేవు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాటి లోపల వాళ్ళ ఊరు. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆ అన్నే.

"ప్రతి దసరాకు పోయి గడప మీద జమ్మి పెట్టి వస్త" అన్నాడు. "తలుపు తియ్యరు. తెల్లారి వదిన ఊడుస్తది, చెత్తల పోతది. రాగిదైతే చీపురుకు తాకి మోగుతది గద అక్కా. వంగి సూస్తరు. ఒక్కసారి వంగి సూస్తే సాలు నాకు."

తప్పకుండా చేస్తానన్నాను. లేచి పోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"రంగు గింగు ఏం వద్దు. రాగి రాగి లెక్కనే ఉండాలె. బంగారం పాలిష్ అస్సలే వద్దు."

"ఎందుకు తమ్మి?"

"వద్దక్కా. గంతే." నేల చూస్తూ అన్నాడు.

జమ్మి రెబ్బ చెయ్యడం నిజంగానే కష్టం. సన్నని పట్టీ కత్తిరించి, రెండు వైపులా దువ్వెన పళ్ళలా చీల్చి, ఒక్కో పంటినీ ఆకురాయితో చిన్న ఆకుగా అరగదీయాలి. కొంచెం ఎక్కువ కాలిస్తే కొసలు కరిగి ముద్దయిపోతాయి. రెండు రెబ్బలు పాడుచేసి మూడోదాన్ని నిలబెట్టాను. నేను చేసినవాటిలో అంత చక్కటి వస్తువు లేదనిపించింది. మామూలు రాగి రంగులో దాన్ని వదలడానికి మనసొప్పలేదు.

అప్పుడే నా కమ్మలన్నీ బంగారు రంగు ఎక్కించే దుకాణానికి పోతున్నాయి. నర్సిమ్లు ఖర్చుకు జంకి వద్దన్నాడని నాకు నేనే చెప్పుకున్నాను. పాపం, అడగలేకపోయాడు, నా తరఫున వేయిస్తే ఏం పోయింది, జమ్మి బంగారంలా లేకపోతే ఏం బాగుంటుంది అనుకుని ఆ రెబ్బను కూడా వాటిలో పడేశాను. ధగధగా మెరుస్తూ వచ్చింది. ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టాను. దూదిలో చుట్టి, డబ్బాలో పెట్టి, దారం కట్టి ఇచ్చి, "పండుగ నాడే విప్పు" అన్నాను. అతను విప్పకుండానే జేబులో పెట్టుకున్నాడు. నన్ను నమ్మాడు మరి.

పండుగ మర్నాడు తలుపు తడితే తీశాను. నర్సిమ్లు లోపలికి రాలేదు, చెప్పులు విడవలేదు. డబ్బా నా చేతిలో పెట్టాడు.

"రంగు వద్దన్న గదక్కా."

"ఏమైంది తమ్మి?"

"ఈసారి అన్న వాకిట్లనే ఉన్నడు. జమ్మి పూజకెల్లి అందరు వస్తున్నరు. ధైర్యం చేసి దగ్గరికి పోయిన. అన్న చెయ్యి చాపిండక్కా! నిజంగ చాపిండు. నేను డబ్బ విప్పిన." ఆగి, మింగి, మళ్ళీ చెప్పాడు. "వెనకెల్లి ఎవడో నవ్విండు. గిల్టు నర్సిమ్లు మల్ల గిల్టే తెచ్చిండు అన్నడు. అన్న చెయ్యి తీస్కున్నడు. లోపల్కి పోయి తలుపేస్కున్నడు."

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. తన పెళ్ళికి వదిన బంగారు గుండ్ల హారం అడిగి తెచ్చుకున్నాడు. తర్వాత ఇబ్బందొచ్చి కుదువ పెట్టాడు. విడిపించలేక, గిల్టు గుండ్లతో అలాంటి హారమే గుచ్చి ఇచ్చాడు, మెల్లగా అసలుది తెచ్చి మార్చుదామని. అవి మార్చకముందే నల్లబడ్డాయి. ఊరంతా ఆ పేరు పెట్టింది.

"తప్పు నాదే. కాని నీకెట్ల చెప్తనక్కా గా ముచ్చట? సిగ్గయింది."

సారీ అనబోతే అది కూడా ఇంకొక పాలిష్ లాగానే అనిపించింది. అతను మెట్లు దిగిపోయాడు. నేను లోపలికొచ్చి మొట్టమొదట ఫోన్లో ఆ స్టేటస్ కోసం వెతికాను, అది అప్పటికే దానంతటది పోయింది. చూసినవాళ్ళు పెట్టిన దండాల, చప్పట్ల బొమ్మలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

ఆదివారం సంగారెడ్డి బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో ఆ ఊరికి పోయాను. దారి పొడవునా వెనక్కి పోదామనే అనిపించింది. మల్లేశం వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. ఆయన భార్య సాయమ్మ చేటలో పప్పు ఏరుతోంది. నేనెవరో చెప్పి, డబ్బా తీసి మంచం మీద పెట్టాను.

"అన్నా, రంగు నేనేసిన. మీ తమ్ముడు వద్దని మరీ మరీ చెప్పిండు. గొప్పకు పోయి నేనే ఏసిన. ఆయినకు తెల్వదు."

మల్లేశం డబ్బా ముట్టలేదు. "రంగెందుకు వద్దో నీకు చెప్పిండా?"

"అప్పుడు చెప్పలేదన్నా. సిగ్గుపడ్డడు."

సాయమ్మే చేట పక్కన పెట్టి లేచింది.

"లోపల రాగేనా?"

"రాగే వదినా."

"గీకు. సూస్తం."

సంచిలో ఎమిరీ పేపర్, అంటే నునుపు చేసే గరుకు కాగితం, ఎప్పుడూ ఉంటుంది. వాళ్ళ గడప పక్కన కూర్చుని గీకడం మొదలుపెట్టాను. పైపూత పలుచన, త్వరగానే పోతుంది. కానీ ఆ చిన్న ఆకుల సందుల్లోకి కాగితం దూరదు. వేలి గోటితో అదుముతూ రుద్దుతుంటే కొన్ని వంగాయి, రెండు విరిగి కింద పడ్డాయి. ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు ప్రహరీ అవతల ఆగి చూస్తున్నారు. నర్సిమ్లు ఇదే వాకిట్లో, ఇంతకంటే ఎక్కువమంది ముందు నిలబడ్డాడని గుర్తొచ్చి తల ఎత్తలేదు.

రాగి బయటపడింది. గీతలు పడి, మచ్చలు మచ్చలుగా ఉంది. అంత వికారమైన పని నేను ఎవరి చేతిలోనూ పెట్టలేదు. సాయమ్మ దాన్ని కొంగుతో తుడిచి, కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, ద్వారబంధం మీద ఎండిపోయిన మామిడాకుల మధ్య గుచ్చింది.

"ఇగ ఏం తేవద్దని చెప్పు వానికి" అంది. "వచ్చే పండుగకు ఉత్త చేతులతోని రమ్మను."

నేను మల్లేశం వైపు చూశాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. "చాయ్ తాగి పో బిడ్డా" అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాత నా పనిలో ఒకటి మారింది. ఎవరైనా "ఇది వద్దు" అంటే ఎందుకని అడగను, వాళ్ళకు వద్దనిపించింది నాకు బాగుందని చెయ్యను. వద్దన్న మాట వెనక మనిషి ఏం దాచుకున్నాడో నాకు తెలియాల్సిన పని లేదు. వాళ్ళ మాట మీద నిలబడితే చాలు. చదవడానికి చిన్న సంగతే. నేర్చుకోవడానికి మాత్రం ఒక మనిషి చాపిన చెయ్యిని వెనక్కి పంపాల్సి వచ్చింది.

మరుసటి దసరా పోయిన తెల్లారి నర్సిమ్లు వచ్చాడు. ఈసారి చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"పోయినవా తమ్మి?"

"పోయిన. వదిన నీతోని చెప్పి పంపినట్టు ఉత్త చేతులతోనే. ఏం చెయ్యాల్నో తెల్వక నిలబడ్డ. అన్ననే జమ్మి తెచ్చి నా చేతుల పెట్టిండు." జేబులోంచి చిన్న పచ్చటి రెబ్బ తీసి, తుంచి, సగం నా అరచేతిలో పెట్టాడు. "గిది నీకు."

నాకు కళ్ళు ఎత్తి అతన్ని చూడడం చేతకాలేదు. అతను లేస్తూ నవ్వాడు.

"గిదన్న గిట్లనే ఉండనియ్యి అక్కా. రంగు వెయ్యకు."