ముందు బండి సంగతి చెప్పు

అప్పల్‌సామి ఆజా తన డెబ్భై రెండేళ్ల జీవితంలో ఒక్క మనిషిని కూడా "ఎలా ఉన్నావు?" అని అడిగిన పాపాన పోలేదు. ఎవరు ఎదురైనా ఆయన పలకరింపు ఒక్కటే: "బండి ఎలా ఉంది?"

ఆజా అంటే తాత. సొంత మనవలు ముగ్గురే అయినా, ఫిజీ పడమటి తీరంలో చెరుకు లారీ నడిపే ప్రతివాడికీ ఆయన ఆజాయే. గొప్ప మెకానిక్కు. కానీ పెళ్లిలో కనిపించినా, చావింట్లో కనిపించినా అదే ప్రశ్న. బండి లేనివాడు ఎదురైతే ఏం మాట్లాడాలో తెలియక దగ్గి వెళ్లిపోయేవాడు.

ఒకసారి తెవితా అనే డ్రైవరు లారీ కాలవలోకి దిగి, అతని కాలు విరిగింది. తొడ దాకా కట్టు కట్టి ఆసుపత్రిలో పడుకోబెట్టారు. ఆజా రెండు బొప్పాయిలు పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ముందు ఇరుసు వంగిందా?"

"నా కాలు విరిగింది ఆజా."

"అది అతుక్కుంటుందిలే. ఇరుసు సంగతి చెప్పు."

ఆయన భార్య ఆజీని అడిగితే ఇంకా చెబుతుంది. పెళ్లిచూపులకి వచ్చిన రోజున ఆమె తండ్రి "అమ్మాయిని ఏమన్నా అడుగు బాబూ" అన్నాడట. పెళ్లికొడుకు కిటికీలోంచి బయటికి చూసి, "ఆ లారీ మీదేనా? వెనక కుడి టైరు లోపలివైపు అరిగిపోతోంది" అన్నాడట. "ఆ టైరు బాగుచేయించుకోడానికే మా నాన్న నన్ను ఇచ్చుంటాడు" అంటుంది ఆజీ, ఇప్పటికీ ఉడుక్కుంటూ.

ఆమె ఉడుకుమోత్తనానికి ఇంకో కారణం ఆజా నీలం వాన్. ముప్పై ఎనిమిదేళ్ల బండి, అద్దంలా మెరుస్తుంది. దాని స్టీరింగు మీద ఆజా చెయ్యి తప్ప నరమానవుడి చెయ్యి పడలేదు. డ్రైవింగ్ నేర్చుకుంటానని ఆజీ ఒకసారి అంటే రెండు రోజులు అన్నం సయించలేదట ఆయనకి. అప్పట్నుంచి పౌరుషం కొద్దీ ఆవిడ పట్నానికి బస్సులోనే వెళ్తోంది. బస్సు వెనకాలే వాన్‌లో ఆయన.

ఇలాంటి మనిషి చేతిలో పడ్డాడు విమ్లేష్.

విమ్లేష్ పదకొండేళ్లు పరాయివాళ్ల లారీ తోలాడు. ఆ ఏడాది రైతుల జట్టు పెద్ద, సర్దార్ అంటారు అందరూ, పిలిచి చెప్పాడు. "మిల్లు తెరిచేలోగా సొంత లారీ తెచ్చుకో. సీజనంతా మా చెరుకు నువ్వే తోలు." మిల్లు తెరవడానికి ఆరు వారాలుంది. ఆజా చూడకుండా ఆ చుట్టుపక్కల ఎవడూ లారీ కొనడు. విమ్లేష్ వెళ్లి బతిమాలాడు.

జపాన్ నుంచి వచ్చిన పాత లారీలు అమ్మే దొడ్లోకి వెళ్లారు ఇద్దరూ. అమ్మేవాడు మొదటి లారీ తలుపు తెరిచి, "నలభై వేల కిలోమీటర్లే తిరిగింది. మీటరు చూసుకోండి" అన్నాడు.

ఆజా మీటరు చూడలేదు. వంగి పెడళ్లు చూశాడు. బ్రేకు రబ్బరు అరిగి అరిగి సబ్బుబిళ్లలా ఉంది. "మీటరుని వెనక్కి తిప్పగలవు. రబ్బరుని తిప్పలేకపోయావు కదరా అబ్బాయ్!"

రెండో లారీ తాళం తిప్పగానే గుర్రుమంది. విమ్లేష్ మొహం విప్పారింది. ఆజా ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు. "వేడిగా ఉందేం?"

"ఎండకి తాతగారూ."

"పక్క బండికి ఎండ తగల్లేదా? మేం రాకముందే కాచి ఉంచావు. చల్లటి ఇంజను ఒక్క తాళానికి అందుకోవాలి, అదీ ఆరోగ్యం."

మూడోదానికి కింద చట్రమంతా కొత్త రంగు. ఆజా జేబులోంచి చిన్న సుత్తి తీసి కొట్టుకుంటూ పోయాడు. టంగు, టంగు, టంగు, డబ్. "ఇక్కడ విరిగింది. అతికి రంగేశారు." అమ్మేవాడు ఆ సుత్తి వంక పాముని చూసినట్టు చూశాడు.

అలా నాలుగు వారాల్లో పద్నాలుగు లారీలు వద్దన్నాడు. "సంబంధాలు కూడా ఇన్ని చూడలేదు ఆజా" అని విమ్లేష్ గొల్లుమన్నాడు. చివరికి ఓ మూల సాలెగూళ్లు పట్టి, రంగు వెలిసిన లారీ ఒకటి కనబడింది. ఆజా దాని కిందకి దూరి పావుగంట రాలేదు. వచ్చాక బంపరు పట్టుకుని, "అబ్బా" అంటూ లేచి, డ్రైవరు సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

"ఇది సుఖంగా బతికినవాడి బండిరా."

"ఎలా తెలుసు?"

"గుబులున్నవాడి ఎడమకాలు ఊరుకోదు. క్లచ్చి మీద ఆనుకునే ఉంటుంది. ఈ పెడలు చూడు, ఎంత నిదానంగా అరిగిందో. వీడు ఇంటికి వెళ్తే భార్య నవ్వుతూ అన్నం పెట్టేది. కొనెయ్."

తాళం తిప్పారు. చల్లటి ఇంజను ఒక్కసారికే అందుకుంది. మిల్లు తెరవడానికి నాలుగు రోజుల ముందు కాగితాలన్నీ అయ్యాయి.

ఇక మొదలయ్యాయి సుప్రభాతాలు. రోజూ తెల్లారగానే నీలం వాన్ వచ్చి గుమ్మంలో ఆగేది. "నువ్వు టీ తాగకముందే బండి నూనె చూశావా? గాలి ట్యాంకులో చేరిన నీళ్లు వదిలావా? చక్రాల నట్లు కొట్టి చూశావా? క్లచ్చి మీంచి కాలు తీస్తున్నావా? అది కాళ్లు చాపుకునే పీట కాదు!" విమ్లేష్ భార్య శలేష్నికి ఏడో నెల. పెళ్లైన తొమ్మిదేళ్లకి మొదటి కాన్పు. ఆ పిల్ల ఎదురుగా నిలబడ్డా ఆయన కన్నెత్తి చూసేవాడు కాదు. పోయేముందు మాత్రం వాన్ వెనక తలుపు తీసి, "దీన్లో బరువెక్కువైంది, స్ప్రింగులు పాడవుతాయి, ఇక్కడ దించేస్తున్నా" అంటూ ఒక బొప్పాయో, చేపలో, చేమదుంపల మూటో గడపలో పెట్టేవాడు.

"రోజూ అంత బరువు ఎందుకు ఎక్కిస్తాడో!" అని నవ్వుకునేది శలేష్ని.

రెండు నెలలు లారీ మారుమాట లేకుండా నడిచింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, మిల్లు ముందు క్యూలో, మాడు వాసన వచ్చింది.

ఆ క్యూ సంగతి తెలిసిందే. సీజను ముమ్మరంలో లారీలు మైలు పొడుగున నిలబడతాయి. ఒకటి తూకానికి వెళ్తే మిగతావన్నీ ఒక్క లారీ పొడుగు జరుగుతాయి. మధ్యలో డ్రైవర్లు చెట్టుకింద చాప పరుచుకుని, కొబ్బరిచిప్పల్లో నంగోనా వేరు కలిపిన మత్తునీళ్లు తాగుతూ లోకంలోని లారీలన్నిటినీ తిట్టుకుంటారు. లారీ వదిలి వెళ్లినవాడి వంతు మాత్రం పోయినట్టే. "క్యూలో లారీ వదిలేసినవాడు మళ్లీ నా జట్టు మొహం చూడక్కర్లేదు" అని సర్దార్ మొదటిరోజే చెప్పాడు.

విమ్లేష్ ఆ రోజు చాప దగ్గరికి రాలేదు. సీట్లోనే కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. పొద్దున్న శలేష్నికి నొప్పులు మొదలయ్యాయి, పక్కింటివాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ముందర ముప్పై నాలుగు లారీలున్నాయి. వెళ్తే బతుకుతెరువు పోతుంది, వెళ్లకుండా ఉండటానికి ప్రాణం ఒప్పడం లేదు. ఎవరితోనన్నా అంటే సర్దార్ చెవిన పడుతుందని నోరు కుట్టేసుకున్నాడు. ఎవరేమడిగినా "ఫస్టుగా ఉన్నా" అన్నాడు.

"ఎవరింట్లోరా కూర మాడుతోంది?" అని వెనక లారీలోంచి తెవితా అరిచాడు. వచ్చి చూస్తే విమ్లేష్ క్లచ్చి నుంచి పొగ.

చాప మీద పండగైంది. "ఆజా ఏరిన లారీ! పద్నాలుగు వడపోసి తెచ్చిన రత్నం!" ఎవడో ఆజాకి ఫోను కొట్టాడు. పావుగంటలో నీలం వాన్ వచ్చి ఆగింది. ఆజా సుత్తి జేబులో పెట్టుకుని దిగాడు.

కిందకి దూరాడు. బంపరు పట్టుకుని "అబ్బా" అంటూ లేచాడు. సీటెక్కి క్లచ్చి రెండుసార్లు తొక్కాడు. డ్రైవర్లంతా చిప్పలు పట్టుకుని చుట్టూ మూగారు. ఆజా దిగి, చేతులు తుడుచుకుని, విమ్లేష్‌ని రెక్క పట్టుకుని చెరుకు చాటుకి లాక్కెళ్లాడు.

"బండికి ఏ రోగమూ లేదు. క్లచ్చి పళ్లెం కమిలింది, అంతే, బతుకుతుంది." గొంతు సవరించుకున్నాడు. అలవాటు లేని మాట, అంత తేలిగ్గా రాలేదు. "నీకేమైందిరా?"

విమ్లేష్ అదిరిపడ్డాడు. ఆ ప్రశ్న ఆ నోట్లోంచి వస్తుందని ఎవడనుకుంటాడు? దాంతో గట్టు తెగింది. నొప్పులు, ఆసుపత్రి, సర్దార్, అన్నీ ఏడుస్తూనే చెప్పేశాడు.

"ఓరి మొద్దూ! రెండు నెలలు కాలు పెట్టనివాడు ఇవాళ పొద్దున్నుంచీ క్లచ్చి మీంచి కాలు తియ్యలేదంటే ఏదో ఉందనుకున్నా. అంత కష్టం పెట్టుకుని బండి చేత చెప్పిస్తావా?"

అని, జేబులోంచి నీలం వాన్ తాళం తీసి అతని చేతిలో పెట్టాడు.

వెనకే వచ్చి తొంగిచూస్తున్న వాళ్లంతా నోళ్లు తెరిచారు. ఎవడి చిప్పో జారి కింద పడింది.

"మూడో గేరు మెత్తగా వెయ్యి. గుంటల్లో పోనివ్వకు. మలుపులో హారను కొట్టు. వెళ్లు!" అంటూనే ఆజా విమ్లేష్ లారీ ఎక్కి కూర్చున్నాడు. "సర్దార్ అడిగితే ఈ బండికి డ్రైవరు ఉన్నాడని చెప్పండి. మీ అందరికంటే ముందు లైసెన్సు తీసినవాణ్ణి."

తెవితా విమ్లేష్‌ని వాన్ దాకా సాగనంపాడు. "పోయినేడు నా ఎడమ అద్దం మూడోసారి పగిలితే ఏం చేశాడనుకున్నావు? అద్దం వెయ్యలేదు. బండెక్కించుకుపోయి కళ్ల డాక్టరు ముందు కూర్చోబెట్టాడు. మనల్ని అడిగితే ఫస్టుగా ఉన్నామంటాం కదా తమ్ముడూ. బండి అబద్ధం ఆడదు." దళసరి కళ్లద్దాలు సవరించుకుని నవ్వాడు. "పో, పో."

విమ్లేష్ వెళ్లిన గంటకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

మర్నాడు ఆజా, ఆజీ ఆసుపత్రికి వచ్చారు. బస్సులో. వాన్ ఇక్కడే ఉండిపోయింది మరి. "నలభై తొమ్మిదేళ్ల కాపురంలో ఈయన నా పక్కన బస్సులో కూర్చోవడం ఇదే మొదలు. టిక్కెట్టు దాచుకున్నా!" అని ఆజీ గుమ్మంలోంచే చాటింది. సర్దార్‌కి సంగతంతా తెలిసిందట. "పెళ్లాం నొప్పులు పడుతుంటే క్యూలో కూర్చున్న వెధవని ఏమనాలి?" అని తిట్టి, ఒక చెరుకు కట్ట పంపాడు.

ఆజా ఉయ్యాల మీదకి వంగాడు. పిల్ల ఒక్కసారి కేరుమంది. ఆయన తల పక్కకి వాల్చి, కళ్లు మూసుకుని విన్నాడు.

"చల్లటి ఇంజను. ఒక్క తాళానికే అందుకుంది."

శలేష్ని పడీపడీ నవ్వింది. "కూర్చో ఆజా. ఇవాళ బస్సులో బరువెక్కువ కాలేదా?" అనేసరికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గబుక్కున విమ్లేష్ వైపు తిరిగాడు. "నా వాన్ ఎలా ఉంది?"

"బాగుంది ఆజా. నువ్వెలా ఉన్నావు?"

ఆజా ఎడమకీ కుడికీ చూశాడు, ఇంకెవర్నో అడిగారేమోనని. "నేనా?" అన్నాడు. కాలు తట్టి చూసుకున్నాడు. "కుడి మోకాలు... లేచేటప్పుడు కిర్రుమంటోంది. రెండేళ్లయింది."

"రెండేళ్లా! నాకు ఒక్క ముక్క చెప్పలేదే!" ఆజీ విరుచుకుపడింది.

"నువ్వు ఎప్పుడన్నా అడిగావా?"

"అడగనిస్తేగా! నోరు తెరిస్తే టైర్లు, బోల్టులు!"

విమ్లేష్ ఆయన రెక్క పట్టుకున్నాడు. "లే ఆజా. కింద ఎముకల డాక్టరున్నాడు, చూపించి వద్దాం."

ఆజా మంచం కోడు పట్టుకుని "అబ్బా" అంటూ లేచాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"ముందు నడిపించి, చప్పుడు విని చూస్తాడా, లేక ఊరికే విప్పేస్తాడా?"

"వింటాడులే ఆజా."

"అయితే పద. సుత్తి నేను తెచ్చాను."