అమ్మ ఆది జాకెట్టు

కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఇన్‌హెరిటెన్సు అనే పాఠం దగ్గరికి రాగానే పిల్లలు బిక్కమొహం వేసేవారు. అప్పుడు పుస్తకం మూసేసి మా అమ్మ ఆది జాకెట్టు కథ చెప్పేదాన్ని.

అరవైల చివర్లో, శృంగవరపుకోటలో అమ్మ మా వీధంతటికీ జాకెట్లు కుట్టేది. ఎవరొచ్చినా తమకి సరిపోయిన పాత జాకెట్టొకటి ఆదికి, అంటే కొలతకి, ఇచ్చి, "సేతులు మాత్రం పొడుగెట్టు" అని వెళ్లిపోయేవారు. మెడా, నడుమూ మళ్లీ ఎవరు చెబుతారు? చెప్పనిదంతా ఆది నుంచే వస్తుంది. ప్రోగ్రాములో క్లాసంటే ఒక అచ్చులాంటిది; పాతదాన్ని తల్లిగా పెట్టి రాసే కొత్త క్లాసూ అంతే. తల్లి క్లాసులో ఉన్నదంతా రాయకుండానే వచ్చేస్తుంది, తేడా ఒక్కటే మనం రాసుకోవాలి.

మా అక్కకి భోగాపురం వైపు బళ్లో టీచరుద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. అమ్మదీ అక్కదీ ఒకటే ఒళ్లు కదా అని అమ్మ జాకెట్టునే ఆదిగా పెట్టి నాలుగు జాకెట్లు నేనే కుట్టేశాను. పదిహేనేళ్ల పొగరు, ఎవర్నీ అడగలేదు.

ఆదివారం పొద్దున్న అక్క ఒకటి తొడుక్కుని, నల్లబల్ల మీద రాస్తున్నట్టు గోడకేసి చెయ్యెత్తింది. కుడి భుజం పట్టేసి చెయ్యి చెవి దాటలేదు. మిగతా మూడూ అంతే.

"నానెల్లను! బల్లమీద రాయలేని టీచరమ్మేటి?" అని అక్క ఏడుపు.

నాకు ఒళ్లు మండింది. తప్పంతా ఆదిదేనని దాని భుజం కుట్టు విప్పబోయాను. అమ్మ లటుక్కున లాక్కుంది.

"ఒసే పిచ్చిమొకమా! నా కుడి బుజం సిన్నప్పుడు ఇరిగి అతికింది కదే. సెవి దాటి సెయ్యి లెగదు. ఆ బుజానికి తగ్గట్టే బిగించి కుట్టుకున్నాను, నాకిది సరిగ్గానే ఉన్నాది. దీన్ని ఇప్పేస్తే నానేటి తొడుక్కోవాలి? మీ అక్కవి ఇప్పు. బుజం ఒక్కటీ మార్చు, మిగతాది ముట్టుకోకు."

సిగ్గుతో చచ్చాను. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న భుజమే, కత్తిరించేటప్పుడు గుర్తు రాలేదు. కుట్ల లోపల మడిచిన గుడ్డ ఉండబట్టి సరిపోయింది, పొద్దు గూకేలోగా నాలుగూ బాగుచేశాను.

కాలేజీ పిల్లలకి కూడా ఇదే చెప్పేదాన్ని: తల్లి క్లాసు నుంచి వచ్చినదాంట్లో పొసగనిది మీ దగ్గర మార్చుకోండి, తల్లి జోలికి పోకండి.

ఆ శనివారం అక్క బడి నుంచి ఇంటికొచ్చింది. "అమ్మా, బల్ల పైఅంచు దాకా రాసీసేను!" అంటూ గుమ్మంలోనే చెయ్యి బారుగా ఎత్తి చూపించింది.

అమ్మ సంతోషం పట్టలేక తనూ చెయ్యెత్తింది, చెవి దాకా.