మాస్టారి సజ్దా

మాస్టారు పోయారని ఆయన భార్య ఫోన్ చేశారు. ఆవిణ్ణి నేను అమ్మగారు అంటాను. "మీ మాస్టారు వెళ్ళిపోయేరమ్మా. మధ్యాహ్నం నమాజయ్యాక తీసుకెళ్తారు. వస్తావా?" అమలాపురంలో నా క్లినిక్ మూసేసి రాజోలు బస్సెక్కాను.

నేను ఆయన దగ్గర చదువుకోలేదు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఆయనకి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోతే, వ్యాయామాలు చేయించడానికి వెళ్ళిన ఫిజియోథెరపిస్టుని. మొదటి రోజు ఎవరినైనా ఒకటే అడుగుతాను, మళ్ళీ మీ అంతట మీరు ఏం చేసుకోగలిగితే చాలు అని. చాలామంది బాత్‌రూముకి వెళ్ళగలిగితే చాలంటారు. మాస్టారి మాట ముద్దగా వచ్చింది. "నుదురు నేలకి ఆనించాలమ్మా."

నమాజులో అలా నేలకి వంగడాన్ని సజ్దా అంటారని ఆవేళే తెలిసింది. చూడని కదలికకి వ్యాయామం ఎలా చెప్పను? అమ్మగారిని అడిగితే, తాను నమాజు చేసుకునేటప్పుడు పక్కన కూర్చుని చూడమన్నారు. నుదురు, ముక్కు, అరచేతులు, మోకాళ్ళు, మడిచిన కాలివేళ్ళు, అన్నీ ఒకేసారి నేలను తాకాలి. ఎడమ కాలివేళ్ళే కదలని మనిషికి అది ఎంత పనో నాకు తెలుసు.

"కుర్చీలో కూర్చుని చేస్తే చెల్లదాండీ?" అని ఆయన్నడిగాను.

"ఎందుకు చెల్లదూ! కూర్చోలేకపోతే పడుకుని. అదీ చేతకాకపోతే సైగతో. ఎవరికి ఎంత చేతనైతే అంతే అడుగుతాడు అల్లా."

"మరింకేం?"

"చెల్లడం గురించి కాదమ్మా. బెంగ."

ఆ మాట తర్వాత నేను వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాను. ఆయనా విసుక్కోలేదు.

రంజాన్ నెల వచ్చింది. షుగరుంది, మందులు వేళకి పడాలి, ఉపవాసం వద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. జబ్బు మనిషికి మినహాయింపు ఉందనీ, నయం కాని జబ్బయితే బదులుగా రోజూ ఒక పేదకి కడుపు నింపాలనీ మాస్టారే నాకు చెప్పారు. చెప్పినంత తేలిగ్గా ఇడ్లీ మాత్రం తినలేకపోయేవారు. ఉపవాసంలో ఉన్న అమ్మగారే ముక్క తుంచి నోటికందించేవారు. "తినండి. మీకిప్పుడు తినమనే ఉంది."

"దాహం ఎలా ఆపుకునేవారండీ?" అని ఓ రోజు మాస్టారిని అడిగాను.

"దాహానిదేముందమ్మా, సాయంత్రానికి తీరుతుంది. ఆకలి మీదున్నప్పుడు కోపం ఆపాలి. అది నాకు ఏ ఏడూ సరిగ్గా రాలేదు."

లోపల్నుంచి అమ్మగారు, "ఆయ్, నిజమేనమ్మా" అన్నారు.

తొలకరి రోజుల్లో ఓ మధ్యాహ్నం, నేనుండగానే, మాస్టారు నమాజుకని మంచంపట్టె పట్టుకుని చాప మీదికి దిగారు. ఎడమ అరచెయ్యి తెరుచుకోలేదు, పిడికిలితోనే ఆనింది. నుదురు నేలను తాకింది. ఎంతకీ లేవరు. పడిపోయారేమోనని దగ్గరికి జరిగాను. నమాజులో ఉన్న మనిషి పిలిస్తే పలకరు. పట్టుకోబోతుంటే అమ్మగారు నా చెయ్యి ఆపారు. అప్పుడు చూశాను, ఆయన వీపు ఎగిసెగిసి పడుతోంది. ఏడుస్తున్నారు.

లేచి కూర్చోగలిగారు గానీ నిలబడలేకపోయారు. మిగతాది కూర్చునే ముగించి, తల కుడికి తిప్పి సలాం చెప్పారు. ఎడమకి తిప్పడానికి కష్టపడ్డారు. ఎడమ పక్కన నేనే ఉన్నాను.

"ఆ సలాం ఎవరికండీ?"

"దేవదూతలకి. పక్కనున్నవాళ్ళకీనూ."

తర్వాత రోజుల్లో ఎక్కువగా కుర్చీలోనే చేసుకునేవారు. ఓపికున్న రోజున కిందికి దిగేవారు. బెంగ తీరిందా అంటే నవ్వేవారు.

వాళ్ళింటి కిటికీలోంచి మసీదు ఆవరణ కనిపిస్తుంది. ఆయన పోయిన ఆ మధ్యాహ్నం నేను రాజోలు చేరి అమ్మగారి పక్కన కూర్చునేసరికి, అక్కడ ఆయన్ని ముందుంచి మగవాళ్ళు వరసలుగా నిలబడ్డారు. ఇప్పుడు వంగుతారని చూస్తున్నాను. ఎవరూ వంగలేదు.

"సజ్దా చెయ్యరేంటండీ?" అమ్మగారిని మెల్లగా అడిగాను.

"పోయినవాళ్ళకి చేసే ఈ నమాజుకి ఉండదమ్మా. నిలబడే."

"ఎందుకని?"

ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. "ఏమో తల్లీ. ఆయనైతే చెప్పేవారు."

బయట చినుకులు మొదలయ్యాయి. చొక్కాలు తడిసి వీపులకి అంటుకుంటున్నా, వరసల్లో ఒక్కరూ కదలకుండా, భుజానికి భుజం ఆనించి నిలబడే ఉన్నారు.